రాత్రి పెట్టి పొద్దున తినే ఓట్స్: స్లో కుక్కర్ డైరీ

పొద్దున మీ వంటింట్లో ఒక బర్నర్ ఖాళీగా దొరుకుతుంటే ఈ డైరీ మీకు అక్కర్లేదు. స్టీల్ కట్ ఓట్స్ (నొక్కకుండా ముక్కలుగా కోసిన గింజలు) ప్రెషర్ కుక్కర్‌లో నాలుగు విజిల్స్‌కి ఉడికిపోతాయి. కుక్కర్‌ని సగానికి మించి నింపకపోతే నురగ కూడా విజిల్‌లోకి రాదు. మల్కాజిగిరిలో మా ఇంటి పరిస్థితి వేరు. ఐదున్నర నుంచి ఏడు దాకా రెండు బర్నర్లూ లంచ్ బాక్సుల అన్నానికీ కూరకీ సరిపోతాయి. మా ఆవిడ ఆరున్నరకల్లా స్కూలు బస్సెక్కాలి. అమ్మ, బాపు ఏడింటికి తింటారు, నేను ఎనిమిదింటికి. నలుగురికి, మూడు వేళల్లో, స్టవ్ ముట్టకుండా వేడి టిఫిన్ కావాలి. ఫ్రిజ్‌లో నానబెట్టి చల్లగా తినే ఓట్స్ మా ఇంట్లో పెద్దవాళ్లు ముట్టరు, కాబట్టి ఆ దారి మొదట్లోనే మూసుకుపోయింది.

పరికరం: మా అక్క న్యూజెర్సీ నుంచి తెచ్చిన 6 క్వార్టుల స్లో కుక్కర్. అంటే 5.7 లీటర్లు పట్టే, కరెంటు మీద సన్నటి వేడితో గంటల తరబడి వండే కుండ. కోలగా ఉండే పింగాణీ కుండ, గాజు మూత, తిప్పే నాబ్ మీద 'లో', 'హై', 'వార్మ్' అనే మూడు వేడి స్థాయిలు. డిజిటల్ ఏమీ లేదు. తర్వాత తేలిందేమిటంటే అదే మంచిదైంది.

దశ 1: 120 వోల్టుల కుక్కర్, 230 వోల్టుల ఇల్లు

అడాప్టర్ పిన్ను తగిలించి నేరుగా మన ప్లగ్గులో పెట్టకూడదు. పిన్ను దూరుతుంది, వోల్టేజీ కుదరదు. హీటర్ లాగే పవర్ వోల్టేజీ వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 230ని 120తో భాగించి వర్గం చేస్తే 3.67. అడుగున 240 వాట్లు అని రాసి ఉన్న కుక్కర్ మన దగ్గర దాదాపు 880 వాట్లు లాగుతుంది. ఎంతసేపో లాగదు, కాయిల్ పోతుంది.

కోఠి గుజరాతీ గల్లీలో స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకున్నాను: 230 నుంచి 110కి, 500 వీఏ (అది మోయగల లోడు), రూ. 1,850. 300 వీఏది ఆరు వందలు తక్కువకే ఉంది. కానీ ఇది రాత్రంతా ఆగకుండా నడిచే లోడు, పక్కన కాపలా ఎవరూ ఉండరు. అందుకని వాట్లకి రెట్టింపు వీఏ ఉండాలని లెక్క పెట్టుకున్నాను. కొనేటప్పుడు ప్లేటు మీద 50 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. 60 హెర్ట్జ్ కోసమే చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్ మన కరెంటు మీద ఎక్కువ వేడెక్కుతుంది. నాబ్ కుక్కర్‌కి హెర్ట్జ్ తేడాతో పనిలేదు. డిజిటల్ గడియారం ఉన్న వాటిలో కొన్నింటికి టైము తప్పుతుంది.

ప్లగ్గు దగ్గర పెట్టే వాట్ మీటరుతో కొలిస్తే:

1. ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే, కుక్కర్ లేకుండా: 11 వాట్లు.
2. కుక్కర్ నాబ్ 'లో' మీద, ట్రాన్స్‌ఫార్మర్‌తో కలిపి: 148 వాట్లు.
3. హై మీద: 217 వాట్లు.

ఇవి సాయంత్రం లైను 228 వోల్టులు ఉన్నప్పటి అంకెలు. అర్ధరాత్రి దాటాక ఊరంతా పడుకుంటుంది, లోడు తగ్గుతుంది, మా లైను 243కి ఎక్కుతుంది. అప్పుడు అదే నాబ్, అదే లో, 167 వాట్లు. వంట పుస్తకంలో 'లో మీద 8 గంటలు' అని రాసినవాళ్ల లో వేరు, మన లో వేరు. ఇది ముందే రాసిపెట్టుకోకపోతే తర్వాత వచ్చే అంకెలేవీ అర్థం కావు.

థర్మామీటరు: సూది గుచ్చే రకం, రూ. 650. మంచు నీళ్లలో 0.3, మరిగే నీళ్లలో 98.1 చూపించింది. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది. నీళ్లు ఇక్కడ 98 దగ్గరే మరుగుతాయి. 100 చూపించడం లేదని షాపుకి వెనక్కి తీసుకెళ్లకండి.

ఇప్పటిదాకా: ట్రాన్స్‌ఫార్మర్ 1,850, థర్మామీటరు 650, వాట్ మీటరు 900. మొత్తం రూ. 3,400. తూకం యంత్రం ఇంట్లోదే. పారబోసిన ఓట్స్: 0.

దశ 2: కప్పులు వదిలి తూకం పట్టడం

మొదట ఇంట్లో ఉన్న రోల్డ్ ఓట్స్ 150 గ్రాములతో చూశాను. పొద్దునకి గరిటెకి తీగలు సాగే జిగురు. కారణం సులువే. రోల్డ్ ఓట్స్ అంటే ఆవిరి పట్టి రోలర్ల మధ్య నొక్కినవి, సగం ఉడికే డబ్బాలోకి వస్తాయి. ఏడు గంటల వేడికి అందులో నిలబడే గింజ ఏమీ మిగలదు. ఇన్‌స్టంట్ రకం ఇంకా పల్చన, దాని జోలికి పోలేదు. స్టీల్ కట్ అంటే పొట్టు తీసిన గింజని రెండు మూడు ముక్కలుగా కోసినది, అంతే. రాత్రంతా వండాలంటే ఇదొక్కటే పనికొస్తుంది. కిలో రూ. 340.

తర్వాతిది నిష్పత్తి. అందరూ రాసేది 'ఒకటికి నాలుగు నీళ్లు'. 160 గ్రాముల ఓట్స్‌కి 640 గ్రాముల నీళ్లు పోశాను. పొద్దునకి చాకుతో కోస్తే ముక్కలుగా లేచింది. బాపు ప్లేటు చూసి, "దీనికి పాకం పడితే బర్ఫీ అయితది" అని పక్కకి జరిపారు.

ఆ ఒకటికి నాలుగు అన్నది కప్పుల లెక్క. కప్పు స్టీల్ కట్ ఓట్స్ తూకం వేస్తే 165 గ్రాములు, అదే కప్పు నీళ్లు 240. నాలుగు కప్పుల నీళ్లంటే 960. తూకంలో అది ఒకటికి 5.8 అవుతుంది. తూకం యంత్రం వాడేవాళ్లంతా ముందు ఈ మార్పు చేసుకోవాలి. ఇక్కడి నుంచి రాసేవన్నీ తూకం నిష్పత్తులే.

160కి 930 పోసినప్పుడు చిక్కదనం సరిపోయింది. మాడటం మాత్రం పోలేదు.

ఇప్పటిదాకా: రూ. 3,740. పారబోసినవి: రోల్డ్ 150, స్టీల్ కట్ 160. మొత్తం 310 గ్రా.

దశ 3: అంచులు మాడటం

ఈ దశ చాలా రోజులు పట్టింది, అందుకే ఇక్కడ కొంచెం నిలబడతాను.

లక్షణం: మధ్యలో మెత్తగా, రుచిగా ఉంటుంది. కుండ గోడ వెంట రెండు వేళ్ల వెడల్పున గోధుమరంగు పట్టీ, దాని పైన ఎండి అంటుకుపోయిన పొర. 1,090 గ్రాములు పెడితే పొద్దునకి 930 మిగిలింది, 160 ఆవిరైపోయింది. ఆ 930లో గోడకి అంటుకున్నది గీకి తూస్తే 210. ఆ మాడు వాసన మిగతా దానికీ పట్టేసింది.

చాలా స్లో కుక్కర్లలో హీటరు అడుగున కాదు, పక్క గోడల చుట్టూ ఉంటుంది. కుండని సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా నింపమని తయారీదారులు రాసేది అందుకే. మా నలుగురికి సరిపడేది లీటరు చిల్లర. 5.7 లీటర్ల కుండలో అది అడుగున మూడు నాలుగు సెంటీమీటర్ల పొర. అంటే గోడంతా వేడెక్కుతోంది, ఆ వేడి తీసుకోవడానికి లోపల సరుకు లేదు. సూది గుచ్చి చూస్తే గోడ పక్కన 97, మధ్యలో 93.

ఒకదాని తర్వాత ఒకటి మార్చి చూసినవి:

1. గోడకి నెయ్యి రాయడం. కడగడం తేలికైంది, మాడటం తగ్గలేదు.
2. నీళ్లు ఇంకో 150 పెంచడం. మధ్యలో పల్చన, అంచు అలాగే.
3. నాబ్ వార్మ్ మీద పెట్టడం. వద్దు. వార్మ్ ఉన్నది ఉడికినదాన్ని వేడిగా ఉంచడానికి. పచ్చి ఓట్స్ మూడు గంటలకి 51 డిగ్రీల దగ్గర ఉన్నాయి. 60 కింద సూక్ష్మజీవులు పెరగొచ్చు. అక్కడే ఆపేసి పారబోశాను.
4. కుండ సగం పైగా నింపడం: ఓట్స్ 480, నీళ్లు 2,780. అంచు మాడలేదు! కానీ పన్నెండు మందికి సరిపడా అయింది. ఫ్రిజ్‌లో పెట్టినది గట్టిపడింది, వేడి చేసేటప్పుడు మళ్లీ నీళ్లు, మళ్లీ గరిటె, మళ్లీ బర్నర్. ఏ బర్నర్ తప్పించుకోవాలని ఇదంతా మొదలుపెట్టానో అక్కడికే వచ్చాం.

నాలుగోది ఇంటికి పనికిరాకపోయినా విషయం తేల్చింది. కుండకి సరిపడా బరువు లోపల ఉంటే మాడదు. ఆ బరువు ఓట్సే కానక్కర్లేదు.

హలీం వండేవాళ్లు కూడా గింజనే గంటల తరబడి ఉడికిస్తారు కదా, అక్కడ మాడదేం అని మా ఆవిడ అడిగింది. అక్కడ భట్టీ పక్కన మనిషి నిలబడి ఘోట్నీ అనే పెద్ద కర్రతో కుమ్ముతూ ఉంటాడు. గోడ దగ్గరి పొర మధ్యలోకి, మధ్యలోది గోడకి తిరుగుతూ ఉంటుంది. మా దగ్గర రాత్రి రెండింటికి లేచి కలిపేవాళ్లు లేరు. ఎవరినీ లేపకుండా జరగాలన్నదే కదా మొత్తం ఉద్దేశం.

ఇప్పటిదాకా: రూ. 3,740. పారబోసినవి: 630 గ్రా. కిలో ప్యాకెట్టు ఈ దశలోనే అయిపోయింది, ఇంకో కిలో 340. మొత్తం రూ. 4,080.

దశ 4: గిన్నెలో గిన్నె

పింగాణీ కుండలో నీళ్లు, ఆ నీళ్లలో రెండు లీటర్ల స్టీలు గిన్నె, గిన్నెలో ఓట్స్. అమ్మ చూసి, "ఇడ్లీ కుక్కర్ల పెట్టినట్టే గదా, గింత దానికి ఇన్ని రోజులా?" అంది. ఆమె అన్నదే నిజం.

గిన్నె అడుగున చిన్న రింగు స్టాండు (రూ. 60) పెట్టాను. లేకపోతే రాత్రి నిశ్శబ్దంలో గిన్నె టకటక కొట్టుకుంటుంది. కుండ కోలగా, గిన్నె గుండ్రంగా ఉండటంతో రెండు పక్కలా ఖాళీ మిగులుతుంది. పట్టుకారు అందులో దూరుతుంది. గుండ్రటి కుక్కర్ ఉన్నవాళ్లు గిన్నె కొనేముందు పట్టుకారు దూరే చోటు చూసుకోండి. బయటి నీళ్లు 1,500 మి.లీ., గిన్నెలోని ఓట్స్ మట్టానికి సమానంగా.

మొదటి రాత్రి గిన్నెకి మూత పెట్టలేదు. గాజు మూత మీద చేరిన ఆవిరి చుక్కలు గిన్నెలోకే పడ్డాయి. పెట్టినదానికంటే 20 గ్రాములు ఎక్కువ తేలింది, పైన తేట నీళ్లు. అంచు మాత్రం శుభ్రం. ఒక్క మచ్చ లేదు.

గిన్నె మీద స్టీలు ప్లేటు బోర్లించాక చుక్కల బాధ పోయింది. ఇప్పుడు ఆవిరైపోవడం అన్నదే లేదు కాబట్టి 5.8 నిష్పత్తి ఎక్కువైంది. బాపు గరిటెతో ఎత్తి వదిలి, "ఇది తినుడా, తాగుడా?" అన్నారు. 5.4కి తగ్గించాను, తర్వాత 5కి. 160కి 800 దగ్గర ఆగాను. చెంచాతో తీస్తే గుంట నిలబడి మెల్లగా పూడుతుంది, మాకు కావలసింది అదే.

గిన్నె మధ్యలో వేడి, ట్యాంకు నీళ్లతో 28 డిగ్రీల దగ్గర మొదలుపెడితే:

1. 60 దాటడానికి: గంటా 35 నిమిషాలు.
2. 90కి: 3 గంటల 20 నిమిషాలు.
3. ఆ తర్వాత 92, 93 మధ్యే నిలబడుతుంది. మరగదు.

మరగకపోయినా ఓట్స్ మెత్తబడతాయా అన్న అనుమానం ఉండేది. మరిగే నీళ్లలో స్టీల్ కట్‌కి అరగంట పడుతుంది. 90 దాటిన వేడిలో ఇది మూడు గంటలు ఉంటోంది. గింజ నోట్లో తెలుస్తుంది కానీ పంటికి అడ్డం రాదు.

ఒక హెచ్చరిక. రాజ్మా లాంటివి ఈ గిన్నెలో కలపకండి. పచ్చి రాజ్మాలో ఉండే లెక్టిన్ విషం పోవాలంటే గట్టిగా మరగాలి. స్లో కుక్కర్ వేడికి అది పోకపోవచ్చు. పెసరపప్పుతో ఆ భయం లేదు.

ఇప్పటిదాకా: రూ. 4,140. పారబోసినవి: 630 గ్రా., ఈ దశలో ఏమీ పోలేదు. పల్చనిది నేనే తాగాను.

దశ 5: పాలు

సగం నీళ్లు, సగం టోన్డ్ పాలు పెట్టి చూశాను. నీళ్ల గిన్నె పద్ధతిలో కూడా పైన మందపాటి మీగడ తొక్క, లేత గోధుమరంగు, లోపల సన్నటి రవ్వ లాంటి విరుగుడు. వాసన బాగుంది, అది ఒప్పుకోవాలి. నేను తిన్నాను, మిగతావాళ్లు వద్దన్నారు. బెల్లం వేసినప్పుడు పూర్తిగానే విరిగింది.

పాలు పొద్దున్నే కలపాలని తేల్చుకోవడానికి ఇంకో కారణం కరెంటు. అది కింద దశలో ఉంది. తియ్యగా కావలసిన వాళ్లకి గిన్నెలో తీసుకున్నాక కాచిన పాలు 75 మి.లీ., బెల్లం తురుము చివర్లో. దాల్చిన చెక్క రాత్రి వేస్తే పొద్దునకి చేదు దిగుతుంది. ఏలకులు పర్వాలేదు.

పారబోసినవి: ఇంకో 120. మొత్తం 750 గ్రా.

దశ 6: టైమరు, కరెంటు, ఎండాకాలం

పది గంటలకి పెట్టి ఆరింటికి తీస్తే ఎనిమిది గంటలు. ఉడకడానికి మాకు కావలసింది ఆరున్నర గంటలే. రెండు దారులున్నాయి: ఆలస్యంగా మొదలయ్యేలా పెట్టడం, లేదా ముందే ఆగేలా పెట్టడం.

ఆలస్యంగా మొదలవడం హైదరాబాద్‌కి పనికిరాదు. 4 నుంచి 60 డిగ్రీల మధ్య తడి ఆహారాన్ని రెండు గంటలకి మించి ఉంచవద్దని, చుట్టూ 32 దాటితే ఒక్క గంటేనని అమెరికా వ్యవసాయ శాఖ నియమం. మే నెల రాత్రి పదింటికి మా వంటింట్లో 34. తడిసిన ఓట్స్ అందులో గంటన్నర కూర్చుని, ఆపైన 60 దాటడానికి ఇంకో గంటన్నర.

ముందే ఆపడమే నయం. కానీ ఆపాక ఎంతసేపు వేడి నిలుస్తుంది? మూత తీయకుండా, థర్మామీటరు సూదిని మూత రంధ్రంలోంచి, ప్లేటు పక్కగా దింపి రాసుకున్నాను:

1. ఆపినప్పుడు 92.
2. అరగంటకి 82.
3. గంటకి 73.
4. గంటా 55 నిమిషాలకి 60.
5. మూత మీద పాత తువ్వాలు మడిచి కప్పితే 60కి రావడానికి 2 గంటల 25 నిమిషాలు. తువ్వాలు కుక్కర్ ఆపాకే కప్పాలి. నడుస్తున్నప్పుడు కప్పవద్దు.

దీన్నిబట్టి 9:45కి మొదలు, 4:15కి ఆగేలా తిప్పే టైమరు (రూ. 450) పెట్టాను. ఆరింటికి అమ్మ లేచి చూసేసరికి 62, 63 ఉంటుంది. అప్పుడే నాబ్ వార్మ్ మీదకి తిప్పి, టైమరుని పక్కన పెట్టి ట్రాన్స్‌ఫార్మర్‌ని నేరుగా ప్లగ్గులో పెడుతుంది. నా వంతు ఎనిమిదింటిదాకా వేడిగానే ఉంటుంది. వార్మ్ సరైన వాడుక ఇది.

మొదటి గంటన్నరని తగ్గించడానికి బయటి కుండలో చల్లనీళ్లకి బదులు గీజరు నీళ్లు పోస్తున్నాను. అవి 55 నుంచి 58 ఉంటాయి. 60 దాటే సమయం 50 నిమిషాలకి దిగింది. గీజరు నీళ్లు బయటి కుండకే, ఓట్స్‌లో పోసేది తాగే నీళ్లు. కెటిల్‌లో సలసల మరిగినవి పోస్తే ఇంకా తొందరవుతుంది కానీ చల్లటి పింగాణీ మీద మరిగే నీళ్లు పడితే చీలిక రావచ్చు. అక్కడ దురాశ వద్దు. 

ఇక కరెంటు. మేలో ఒక రాత్రి ఈదురుగాలి, వాన, కరెంటు పోయింది. మేం నిద్రలో ఉన్నాం, ఎప్పుడు పోయిందో ఎప్పుడొచ్చిందో తెలియదు. పొద్దున థర్మామీటరు 88 చూపించింది. అంటే అంతా బాగున్నట్టే. టైమరు చూస్తే బాగాలేదు. తిప్పే టైమరు కూడా కరెంటుతోనే తిరుగుతుంది కదా, కరెంటు లేనప్పుడు ఆగిపోతుంది. ఆరు గంటలప్పుడు దాని డయల్ 3:25 దగ్గర ఉంది, కుక్కర్ ఇంకా నడుస్తోంది. అంటే 2 గంటల 35 నిమిషాలు కరెంటు లేదు.

అది మొదట్లో పోయిందా, చివర్లో పోయిందా? మొదట్లో పోయి ఉంటే 40, 45 డిగ్రీల దగ్గర ఓట్స్ గంటల తరబడి కూర్చున్నాయన్నమాట.

"మళ్ల ఉడికింది గదరా, ఏమైతది?" అంది అమ్మ.

ధాన్యాలలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. గోరువెచ్చగా ఉన్నప్పుడు మొలిచి, వాంతులు తెప్పించే విషం చేస్తాయి. ఆ విషం మళ్లీ మరిగించినా పోదు. అందుకే అన్నం కూడా వేడివేడిగా ఉంచాలి, లేదా తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున 88 ఉందంటే ఆ క్షణాన వేడిగా ఉందనే అర్థం, రాత్రంతా వేడిగా ఉందని కాదు. పారబోశాం. ఆ రోజు టిఫిన్ అటుకులు.

అప్పటి నుంచి నియమం ఇదీ. పొద్దున ముందు చూడాల్సింది థర్మామీటరు కాదు, గోడ గడియారానికీ టైమరు డయల్‌కీ తేడా. తేడా గంట లోపు ఉంటే తినొచ్చు: మొదట్లో పోయినా గీజరు నీళ్లతో కలిపి దాదాపు రెండు గంటల్లో 60 దాటుతుంది, బాగా వేడెక్కాక పోతే గంటలో 60 కిందకి దిగదు. గంట దాటితే బయటికి. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు కొంటే ఈ సదుపాయం ఉండదు, అది కరెంటు లేకపోయినా సరైన సమయమే చూపిస్తుంది. ఇంకో సంగతి: ఇది చుట్టూ 32 దాటని రాత్రుల లెక్క. ఎండాకాలం 60 దాటడానికి మొత్తం హద్దే గంట కాబట్టి అప్పుడు ఏ తేడా కనిపించినా పారబోస్తాం, గాలివాన సూచన ఉన్న రాత్రి అసలు పెట్టడం లేదు.

ఎండాకాలంలో కుక్కర్‌ని వంటింట్లోంచి వాష్ ఏరియాకి మార్చాను. 150 వాట్లు అంటే చిన్నదే, కానీ తలుపులు మూసిన వంటింట్లో రాత్రంతా అది తెలుస్తుంది. చీమల కోసం కుక్కర్ కాళ్ల చుట్టూ పసుపు గీత.

ఇప్పటిదాకా: టైమరుతో కలిపి రూ. 4,590. పారబోసినవి: 910 గ్రా. మధ్యలో మూడో కిలో వచ్చింది, 340. మొత్తం రూ. 4,930.

దశ 7: ఉప్పు, పప్పు, పోపు

తియ్యటి ఓట్స్ బాపు తినరు. షుగరు ఒక కారణం, "జ్వరమొచ్చినోళ్ల తిండి" అన్నది అసలు కారణం. కాబట్టి గిన్నె ఉప్పుదే, తీపి కావలసినవాళ్లం ప్లేటులో చూసుకుంటాం. నాలుగు గ్రాముల ఉప్పుకి పాలు, బెల్లం కలిపినా ఇబ్బంది లేదు.

వేయించిన పెసరపప్పు 40 గ్రాములు రాత్రే కలుపుతున్నాను, దానికి నీళ్లు 120 అదనం. అల్లం తురుము, మిరియాలు రాత్రి వేయొచ్చు. పచ్చిమిర్చి వేస్తే పొద్దునకి రంగూ కారమూ రెండూ పోయి తొక్క మిగులుతుంది. కరివేపాకు నల్లబడుతుంది. క్యారెట్ తీపెక్కుతుంది, బీన్స్ బూడిదరంగు అవుతాయి. కూరగాయలు వేయడం మానేశాను.

పోపు పొద్దున్నే, పక్క బర్నర్ మీద కూరకి పెట్టే పోపులోంచే రెండు చెంచాలు. నూనె, ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు. దానికోసం విడిగా మూకుడు పెట్టడం లేదు. పక్కన మామిడికాయ తొక్కు ఉంటే బాపు రెండోసారి అడుగుతున్నారు. నా దృష్టిలో ప్రాజెక్టు పాసైంది అక్కడే, మిగతా కొలతలన్నీ తర్వాత.

ఇప్పుడు వాడుతున్న పద్ధతి, నలుగురికి:

1. స్టీల్ కట్ ఓట్స్ 160 గ్రా., వేయించిన పెసరపప్పు 40 గ్రా. కడిగి స్టీలు గిన్నెలో వేయాలి.
2. తాగే నీళ్లు 920 మి.లీ., ఉప్పు 4 గ్రా., అల్లం, నాలుగు మిరియాలు. ఒకసారి కలిపి ప్లేటు మూత.
3. పింగాణీ కుండలో రింగు స్టాండు, గిన్నె, చుట్టూ గీజరు నీళ్లు 1,500 మి.లీ.
4. టైమరుని గోడ గడియారంతో సరిచేసి, 9:45కి లో మీద మొదలు. 4:15కి ఆగాలి.
5. పొద్దున టైమరు తేడా చూడాలి. గంట దాటితే (ఎండాకాలం ఏ తేడా ఉన్నా) పారబోయాలి.
6. గిన్నె మధ్యలో సూది గుచ్చితే 60 పైన ఉండాలి. కలిపి వడ్డించాలి. ఆలస్యంగా తినేవాళ్ల కోసం వార్మ్.

ఖర్చు ఒక రోజుకి: ఓట్స్ 54 రూపాయలు, పెసరపప్పు 5, కరెంటు 1.02 యూనిట్లు, గుండ్రంగా 8. మొత్తం 67, మనిషికి 17. పారబోసినదీ పరికరాలూ ఇందులో కలపలేదు. కలిపితే మా వీధి చివర బండి మీద ఇడ్లీయే చవక.

దశ 8: జొన్న రవ్వ, ఇంకా నడుస్తోంది

అమ్మ పట్టుబట్టింది, ఓట్స్ ఉడికే కుండలో జొన్నలు ఉడకవా అని. జొన్న రవ్వ కిలో రూ. 70. మొత్తం రూ. 5,000 అయింది.

అదే పద్ధతిలో, ఒకటికి 6 నీళ్లతో పెట్టాను. పొద్దునకి అడుగున గట్టి బిళ్ల, పైన నీళ్లు. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే జిగురు పీచు ఉంటుంది. వేడెక్కుతుండగానే నీళ్లు చిక్కబడి ముక్కల్ని పైకి పట్టి ఉంచుతాయి. జొన్నలో అంత జిగురు లేదు, కలిపేవాళ్లు లేకపోతే రవ్వ కిందకి దిగి కూర్చుంటుంది.

మార్పు: రాత్రి గ్యాస్ మీద ఐదు నిమిషాలు కలుపుతూ, రవ్వ నీళ్లలో తేలి నిలబడేదాకా మరిగించి, ఆ వేడిమీదే గిన్నెని కుండలో పెట్టడం. రాత్రి బర్నర్లు ఖాళీయే కాబట్టి ఇబ్బంది లేదు. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది: గిన్నె మొదటి నిమిషం నుంచే 60 పైన ఉంటుంది. పొద్దునకి గట్క (చిక్కటి జొన్న రవ్వ ముద్ద) వచ్చింది, అడుగున అర సెంటీమీటరు బిళ్ల మాత్రం ఇంకా ఉంది. అమ్మ తిని, ఉడికింది కానీ నీళ్లు ఇంకొంచెం పట్టాలంది. రేపు రాత్రి ఒకటికి 6.5, మరిగించడం ఎనిమిది నిమిషాలు.

ఇదే మరిగించే పద్ధతి ఓట్స్‌కి కూడా వాడితే గీజరు నీళ్ల అవసరం పోతుందేమో. దాన్ని వచ్చే వారం విడిగా కొలిచి ఇక్కడే రాస్తాను.